ఆగిన కథ, అదృశ్యమైన కథ

ఒక బొమ్మల ధారావాహిక ఆగిపోయినప్పుడు అభిమానులు దుఃఖించుట పెద్దలకు పిల్లచేష్టగా తోచవచ్చును. కాని ఆ దుఃఖమును తేలికగా తీసివేయరాదు.

1979లో జపాను టెలివిజనులో ‘మొబైల్ సూట్ గన్డామ్’ మొదలైనది. 52 భాగములుగా సంకల్పించిన ఆ కథను, ప్రేక్షకులు చాలరనియు, ఆటబొమ్మలు అమ్ముడుపోవుట లేదనియు 1980 జనవరిలో 43వ భాగముతోనే ముగించిరి. అయినను ఆ భాగములు పునఃప్రసారమైనవి, చూచువారు పెరిగిరి. 1981, 82లలో అదే కథ మూడు చలనచిత్రములుగా తిరిగి వచ్చి విజయము నందినది. తొలి లెక్కకు అందని ఆదరణ ఆలస్యముగా బయటపడినది.

అమెరికాలో ‘ఇన్ఫినిటీ ట్రెయిన్’ గతి వేరు. 40 భాగములు వెలువడిన పిదప 2021లో అది ఆగిపోయినది. 2022 ఆగస్టులో, సంస్థ ఖర్చులు తగ్గించుకొను వేళ, హెచ్‌బీఓ మాక్స్ దానిని తన జాబితానుండియే తొలగించినది.

కథను కొనసాగింపకుండు హక్కు వ్యాపారికి కలదు. ఆగిన కథకు రేపటి ప్రేక్షకుడు దొరకవచ్చును. తొలగించిన కథను ఆ ప్రేక్షకుడు ఎట్లు చూడగలడు? ముద్రణ ఆగిన పుస్తకమునకైనను గ్రంథాలయమున ఒక ప్రతి మిగులును. తెరమీది కృతికి అట్టి గ్రంథాలయ మెక్కడ? అభిమానుల దుఃఖము అడుగుచున్న ప్రశ్న ఇదియే.