నౌకరీ ఒకటో తరగతిలోనే మొదలవుతుంది



2024 నవంబర్ 14న గ్రూప్-4 ఫైనల్ లిస్టు వచ్చింది. ఆ రాత్రి వేములపల్లిలో మా ఆపా ఇంట్లో నలుగురం ఒక్క ఫోను చుట్టూ కూర్చున్నాం. భాంజీ తన హాల్‌టికెట్ నంబర్ కోసం లిస్టును పైనుంచి కిందికి రెండుసార్లు చూసింది. మూడోసారి నేను చూశాను. లేదు. "నై హై మామూ" అని ఫోను నా చేతిలో వదిలేసి వంటింట్లోకి పోయింది. దుల్హాభాయ్ ఏమీ అనలేదు. ఆపా మాత్రం "నసీబ్‌లో లేదు, ఏం చేస్తం" అంది.

నసీబ్ మీద వెయ్యడం తేలికే. కానీ ఆ పిల్ల నౌకరీ పోవడానికి పెద్ద సబబు నేను. ఈ మాట ఇంట్లో చెప్పుకోవడానికే నాకు నెల పట్టింది. ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను. నా గల్తీ ఇంకో ఇంట్లో జరగొద్దు, అంతే.

నేను ఒక సర్కారీ దఫ్తర్‌లో గుమాస్తాను. ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మధ్యనే ఉన్నాను. అందుకే మా మొహల్లాలో ఎవరు ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. 2023 జనవరిలో భాంజీ గ్రూప్-4 దరఖాస్తు కూడా నేనే దగ్గరుండి నింపించాను. ఒకటి నుంచి ఏడు దాకా ఏ తరగతి ఏ జిల్లాలో చదివిందో నింపే చోట, ఏడింటికి ఏడూ "నల్లగొండ" అని పెట్టించాను.

భాంజీ మొదటి మూడు తరగతులు వేములపల్లిలో చదివింది. తర్వాత దుల్హాభాయ్‌కి కోదాడలో మెకానిక్ షెడ్డు దొరికితే అందరూ అక్కడికి పోయారు. నాలుగు నుంచి ఏడు దాకా అక్కడే చదివింది. ఆ రోజుల్లో వేములపల్లీ నల్లగొండ జిల్లానే, కోదాడా నల్లగొండ జిల్లానే. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక కోదాడ సూర్యాపేట జిల్లాలోకి పోయింది, వేములపల్లి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయాయి. పిల్ల చదివినప్పుడు అది ఏ జిల్లా అని నేను ఆలోచించాను. ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉంది అని అడుగుతున్నారని నాకు తట్టలేదు.

ఇంకో గఫ్లత్ కూడా నాదే. నేను నౌకరీలో చేరిన రోజుల్లో లోకల్ అంటే నాలుగు నుంచి పది దాకా చదివిన చోటు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో అది మారింది. ఇప్పుడు ఒకటి నుంచి ఏడు దాకా, అందులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి లోకల్. జూనియర్ అసిస్టెంట్ లాంటి జిల్లా కేడర్ పోస్టుల్లో 95 శాతం ఆ జిల్లా లోకల్ వాళ్లకే. మిగిలిన 5 శాతం మాత్రమే అందరికీ. అంటే నా భాంజీ కాగజాత్ ప్రకారం సూర్యాపేట బిడ్డ. నేను ఆమెను నల్లగొండ బిడ్డగా రాయించాను. వెరిఫికేషన్ కోసం నాంపల్లి పోయినప్పుడు బోనఫైడ్లు ఒక మాట చెప్పాయి, ఫారం ఇంకో మాట చెప్పింది. నల్లగొండ లోకల్ అన్న క్లెయిమ్ నిలబడలేదు. సరిగ్గా నింపి ఉంటే వచ్చేదో రాదో అల్లాహ్‌కే తెలుసు. కానీ 95 శాతం పోటీలో ఉండేది. నేను ఆమెను 5 శాతంలోకి నెట్టాను.

ఇందులో ఏ దఫ్తర్ కసూర్ లేదు. రూల్ ముందే రాసి ఉంది, నేనే చదవలేదు.

ఈ ఇంతిహాన్ ఎట్లా ఉంటుందో తెలియని అమ్మీ అబ్బాల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. 2022 డిసెంబర్‌లో వచ్చిన ఆ నోటిఫికేషన్‌లో చివరికి తేలిన పోస్టులు 8,180. జూనియర్ అసిస్టెంట్, జూనియర్ అకౌంటెంట్, జూనియర్ ఆడిటర్, వార్డ్ ఆఫీసర్. డిగ్రీ ఉంటే చాలు. వయసు 18 నుంచి 44, బీసీలకు ఇంకో ఐదేళ్లు సడలింపు. 2024 ఫిబ్రవరిలో ఆ 44ను 46 చేశారు. 2023 జూలై 1న పొద్దున ఒక పేపర్, మధ్యాహ్నం ఒక పేపర్. మొదటిది జనరల్ నాలెడ్జ్, రెండోది సెక్రటేరియల్ ఎబిలిటీస్, అంటే లెక్కలు, రీజనింగ్, చదివి అర్థం చేసుకోవడం. ఒక్కొక్కటి 150 మార్కులు, రెండున్నర గంటలు. తప్పు రాస్తే మార్కు కోసెయ్యరు. ఇంటర్వ్యూ లేదు, కాబట్టి సిఫారసుకు తావు లేదు. ఓసీలకు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ ఎస్టీలకు 30 శాతం కనీస మార్కులు రావాలి. తర్వాత ర్యాంకుల లిస్టు, అందులోంచి ఒక పోస్టుకు ముగ్గురి చొప్పున వెరిఫికేషన్‌కు పిలుపు, ఆ తర్వాత ఫైనల్ లిస్టు. నోటిఫికేషన్ నుంచి ఫైనల్ లిస్టు దాకా దాదాపు రెండేళ్లు పట్టింది.

దరఖాస్తు చేసినవాళ్లు తొమ్మిదిన్నర లక్షల మంది. ఒక్క పోస్టుకు 116 మంది. ఆ గుంపులో మన పిల్లలు మార్కుల్లో వెనకబడితే బాధ లేదు, ఇంకోసారి మెహనత్ చేస్తారు. కానీ మార్కులు తెచ్చుకుని కాగితం దగ్గర ఆగిపోతే? నా దగ్గరికి వచ్చిన మన పిల్లల్లో ఎక్కువమంది ఆగిపోయింది అక్కడే. మన ఇళ్లలో కాగితానికి ఇజ్జత్ లేదు. నిఖానామా జాగ్రత్తగా దాస్తాం, పొలం పట్టా దాస్తాం. పిల్లల బోనఫైడ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

పేర్లే తీసుకోండి. ఒకే పిల్లవాడు బడి రిజిస్టర్‌లో "ఎం.డి.", పదో తరగతి మెమోలో "మహ్మద్", ఆధార్‌లో "మొహమ్మద్", అబ్బా ఆధార్‌లో "షేక్". మనకు అందరూ ఒక్కటే. కంప్యూటర్‌కు నలుగురు వేరే వేరే మనుషులు. దీనికి తోడు బడిలో చేర్చేటప్పుడు కులం అని అడిగితే మనం చెప్పే జవాబు "ముస్లిం". సార్ అదే రాసుకుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత బీసీ-ఈ సర్టిఫికెట్ కోసం పోతే, నువ్వు షేక్ అని ఎక్కడ రాసి ఉందో చూపించు అంటారు. చూపించడానికి ఏమీ ఉండదు. 2007లో చట్టం చేసి నాలుగు శాతం ఇచ్చింది ముస్లింలు అందరికీ కాదు, పద్నాలుగు బిరాదరీలకు. షేక్, ఖురేషీ, అత్తర్ సాయిబులు, ఫకీర్, హజామ్, ధోబీ, గారడీ వంటివి అందులో ఉన్నాయి. దూదేకుల, పింజారీ వాళ్లు బీసీ-బీ. మెహతర్లు బీసీ-ఏ. ఆ లిస్టులో "మహ్మద్" అని ఏ బిరాదరీ లేదు. మా ఊళ్లో చాలా ఇళ్లలో పేరుకు ముందు మహ్మద్ ఉంటుంది, బిరాదరీ షేక్. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క రిజిస్టర్‌కే తెలియదు.

సయ్యద్, పఠాన్, మొఘల్ వాళ్లకు బీసీ-ఈ రాదు. కానీ ఇంటి ఆమ్దనీ ఏడాదికి ఎనిమిది లక్షలు దాటకుంటే, మిగతా షరతులు కూడా సరిపోతే, ఈడబ్ల్యూఎస్ పది శాతంలోకి వస్తారు. తెలంగాణలో ఇది 2021 నుంచి ఉంది. ఆ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. పోయినేటిది పట్టుకుని పోతే పనికిరాదు.

ఆడపిల్లల సంగతి ఇంకా నాజూకు. ప్రతి కేటగిరీలో మూడోవంతు పోస్టులు వాళ్లవి. అయినా షాదీ కాగానే ఆధార్‌లో అబ్బా పేరు తీసేసి శోహర్ పేరు పెట్టిస్తాం. బీసీ, నాన్ క్రీమీలేయర్ కాగితాలు అబ్బా పేరు మీద ఉండాలి. ససురాల్ జిల్లా ఏదైనా, పిల్ల లోకల్ మాత్రం ఒకటి నుంచి ఏడు చదివిన చోటే. ఇవి తెలియక మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక కోడలు పిల్ల అత్తగారి పేపర్లన్నీ మూటకట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాటిలో ఒక్కటి కూడా పనికిరాలేదు.

హిఫ్జ్ చేసే పిల్లల గురించి కూడా చెప్పాలి. పిల్లవాణ్ని హాఫిజ్ చెయ్యడం ఇంటికి బర్కత్. కానీ బడి పేరు కొట్టేయించి పంపితే, ఆ మూడు నాలుగేళ్లు ఏ రిజిస్టర్‌లో లేకుండా పోతాయి. తర్వాత ఓపెన్ స్కూల్ పది రాసి, డిగ్రీ చేసి, గ్రూప్-4కు వచ్చిన పిల్లవాడు ఆ ఏళ్లు ఎక్కడున్నాడో నివాసం సర్టిఫికెట్‌తో చూపించుకోవాల్సి వస్తుంది. మదర్సా వేరే జిల్లాలో ఉంటే చిక్కు ఇంకా పెద్దది. పంపే ముందే బడి హెడ్మాస్టర్‌తో, మదర్సా జిమ్మేదార్‌తో ఈ మాట మాట్లాడుకోవాలి.

దీనికి మా దోస్తు ఒకాయన గుస్సా అయ్యాడు. "నువ్వు మనవాళ్లనే తిడుతున్నవు. సర్కారును అడగవేంది? నాలుగు శాతం కేసు ఇంకా సుప్రీంకోర్టులో నడుస్తుంటే, కాగితాల గురించి మాట్లాడుతవా?" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి ఇప్పటికీ నాలుగు శాతం నడుస్తోంది. 2017లో అసెంబ్లీ పన్నెండు శాతం బిల్లు పాస్ చేసినా అమలుకు రాలేదు. ఆ లడాయి చెయ్యాల్సిందే. కానీ ఉన్న నాలుగు శాతాన్ని సర్టిఫికెట్ లేక వదులుకునే ఇల్లు, పన్నెండు వస్తే మాత్రం ఏం చేసుకుంటుంది? జలూస్‌కు పోయే రోజు ఒకటి ఉంటే, మీసేవకు పోయే రోజు కూడా ఒకటి ఉండాలి.

ఇంకో మాట కూడా అంటారు. ఎనిమిది వేల పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది, ఈ జువ్వాలో పిల్లల జవానీ ఎందుకు ఖరాబ్ చెయ్యాలి అని. ఇది నేనూ ఒప్పుకుంటాను. 24,280 మూల వేతనం కోసం ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా కోచింగ్ గదుల్లో కూర్చోమని ఏ పిల్లకూ చెప్పను. ఏదో ఒక పని చేసుకుంటూనే రాయాలి. ఒక్క గ్రూప్-4 మీదే కూర్చోవద్దు. కేంద్రంలో ఎంటీఎస్‌కు పదో తరగతి చాలు, సీహెచ్ఎస్ఎల్‌కు ఇంటర్ చాలు. 2023 నుంచి ఆ రెండు పరీక్షలు తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయొచ్చు. అయితే కేంద్రం ఓబీసీ లిస్టు వేరు, రాష్ట్రం బీసీ లిస్టు వేరు. ఇక్కడ బీసీ-ఈ అయినంత మాత్రాన అక్కడ ఓబీసీ అని టిక్కు పెట్టొద్దు, ముందు లిస్టు చూసుకోండి. ఏ ఇంతిహాన్ అయినా రాయాలా వద్దా అనేది పిల్ల ఇష్టం. అర్హత ఉండి కూడా కాగితం లేక ఆగిపోవడం మాత్రం ఆమె ఇష్టం కాదు. అది మనం చేసిన పని.

అందుకే నేను అడిగేది చిన్నది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు మన జమాత్‌లు ఫ్రీ కోచింగ్ పెడుతున్నాయి, మంచిదే. దానికంటే ముందు, ప్రతి జూన్‌లో, బడులు తెరిచే వారంలో, ఒక్క జుమా తర్వాత ఒక గంట పెట్టండి. పెన్ను పట్టడం వచ్చిన నలుగురు కూర్చుంటే చాలు. ఒకటో తరగతిలో చేరే పిల్లల ఫారం వాళ్లు నింపాలి. పేరు స్పెల్లింగ్ అబ్బా ఆధార్‌తో కలవాలి. కులం చోట "ముస్లిం" కాదు, బిరాదరీ పేరు రాయించాలి. ఇల్లు మారితే, బడి మారితే, ఆ రోజే బోనఫైడ్ తీసుకోవాలి, పది పాసయ్యాక కాదు. మూతబడే ప్రైవేటు బడులు ఎన్నో ఉన్నాయి, అవి పోయాక రికార్డు కోసం ఎక్కడ తిరుగుతాం? ఒక్కో పిల్లకు ఒక ప్లాస్టిక్ ఫైలు, ఇరవై రూపాయలది. బట్టల బీరువాలో నిఖానామా పక్కన పెట్టండి.

భాంజీ మొదట్లో నాతో మాట్లాడలేదు. నేను పోయి "బేటా, ఫారం నేనే గలత్ నింపించాను" అని చెప్పాక కాసేపు నా మొహం చూసింది. "నేను కూడా చదవలేదు కదా మామూ, మీరున్నారని వదిలేసిన" అంది. ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తోంది, సాయంత్రాలు మళ్లీ చదువుకుంటోంది. ఓటీఆర్‌లో నాలుగు నుంచి ఏడు దాకా జిల్లా తనే మార్చుకుంది. సూర్యాపేట అని.

ఈ జూన్‌లో నా పోతాను ఒకటో తరగతిలో చేర్చాం. ఫారం ఇచ్చినప్పుడు అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులో పెన్ను మీదికి పోయింది. తీసి భాంజీకి ఇచ్చాను. ఆమె ముందు ఫారం రెండు వైపులా చదివింది. తర్వాత మా అబ్బాయి ఆధార్ అడిగింది.