కెమెరా కొనేముందు...

వారం రోజులుగా మా ఇంట్లో కెమెరా గొడవేనండీ. కెనాన్ పవర్‌షాట్ ఏ1100 కొందామని నేను, సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ220 అని మావారు. సన్నగా, స్టైలుగా ఉందని మా అబ్బాయి కూడా వాళ్ళ నాన్న వైపే.

రెండూ 12.1 మెగాపిక్సెళ్లే. షాపతను ఆ అంకే పదిసార్లు చెప్పాడు. మనం ఆల్బంలో పెట్టుకునే 4×6 ఫోటోకి రెండు మెగాపిక్సెళ్లుంటే చాలు. ఆ అంకె చూసి కెమెరా కొనడం, జాడీ సైజు చూసి ఆవకాయ కొన్నట్టే! జూమ్ కూడా రెండింటికీ 4 రెట్లే. అట్టపెట్టె మీద రాసే డిజిటల్ జూమ్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అది ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తుంది, అంతే.

సోనీలో మంచి లేదనను. దాని లెన్సు 30 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది, కెనాన్‌ది 35. పేరంటానికొచ్చిన పదిమందినీ మా చిన్న హాల్లో ఒకే ఫోటోలో పట్టాలంటే సోనీయే నయం. తెర కూడా కాస్త పెద్దది.

నా పట్టంతా బ్యాటరీ దగ్గరే. కిందటేడు పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి అమ్మ ఊరి నుంచి వచ్చింది. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో ఇసుక వేస్తే రాలదు కదా! మధ్యాహ్నం నుంచే మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డాం. చేతిలో మరిది గారి దగ్గర అడిగి తెచ్చిన కెమెరా. సిరిమాను వచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మ తలెత్తి చేతులు జోడించింది. నేను మీట నొక్కాను. బ్యాటరీ అయిపోయింది. ఆ జనంలో ప్లగ్గు ఎక్కడ వెతకను?

"ఏటే, నాను పడ్డానా అందులో?" అంది అమ్మ. పడ్డావమ్మా అన్నాను. రేషన్ కార్డు ఫోటో తప్ప అమ్మది మా దగ్గర ఇంకొకటి లేదు.

ఏ1100లో గోడ గడియారానికి వేసే సెల్లులు రెండు వేస్తే చాలు, ఏ కిళ్లీ కొట్లోనైనా దొరుకుతాయి. ఆల్కలైన్‌వి అడిగి తీసుకోండి, మామూలువి నాలుగు ఫోటోలకే నీరసపడిపోతాయి. ఫ్లాష్ వాడితే మళ్ళీ వెలగడానికి కాసేపు ఆగాలి, అది దాని లోపమే. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని మా అమ్మ వాళ్ళ ఊరికి ఇది తప్ప వేరేది పనికిరాదు. ఎండలో తెర కనబడకపోతే కన్ను పెట్టి చూసుకోడానికి చిన్న కిటికీ కూడా ఉంది.

"పేరంటం ఫోటోలో చివరివాళ్ళు తెగిపోతే నన్ననకు" అన్నారు మావారు, మెత్తబడి. ఆదివారం కొంటున్నాం. దసరాకి ఇంకా మూడు వారాలుంది. అమ్మకి మోకాళ్ళు బాగోలేవు, అయినా వస్తానంది.