పైలట్ చదువుకు పైసలెవరివి?

వాడ పిల్ల పైలట్ అవుతానంటే నవ్వేటోళ్లు ఇంకా ఉన్నారు. నవ్వనీయండి. ఇంటర్లో ఎంపీసీ చదివితే ఆ దారి తెరిచే ఉంది. 200 గంటలు విమానం నడిపి, పరీక్షలు పాసైతే కమర్షియల్ లైసెన్సు వస్తది. కానీ ఆ గంటల ఖరీదు 40 లక్షల పైమాటే! ఆపైన ఒక్కో రకం విమానానికి టైప్ రేటింగు, మళ్లీ లక్షలు. భూమి ఉన్నోడు ఎకరం అమ్ముతాడు. మనమేం అమ్మాలి? కొలువు దొరికేదాకా అప్పు మీద వడ్డీ ఆగదు.

కొలువొచ్చినా నమ్మకం లేదు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. పైలట్లకు నెలల జీతాలు రాలేదు.

తల్లిదండ్రులారా, ఫీజు కట్టకముందే పిల్లలకు క్లాస్ టూ, క్లాస్ వన్ వైద్యపరీక్షలు చేయించండి. అక్కడే ఆగిపోతే పోయేది వేలే, లక్షలు మిగులుతాయి. కొలువొచ్చిన పిల్లలారా, ఆరునెలల ఇంటిఖర్చు, అప్పు వాయిదాలు పక్కన పెట్టినాకే కారు మాట.

ఇక సర్కారుకు ఒక మాట. 2022లో ఎయిర్ ఇండియాను టాటాలకు అప్పజెప్పారు. రిజర్వేషన్ ఆ గడప బయటే ఉండిపోయింది. కనీసం శిక్షణ ఫీజు మొత్తం మీరే కట్టాలి. అప్పుగా ఇస్తామంటే ఒప్పుకోం.