మీకు బండి ఆగింది... నాకు ఇల్లు ఆగింది!

మన సినిమాల్లో కారు ఎప్పుడు ఆగిపోతుందో మీకు నేను చెప్పాలా? హీరోయిన్ ఒంటరిగా ఉన్నప్పుడు, సరిగ్గా వాన మొదలయ్యే ముందు! బానెట్ ఎత్తగానే పొగ, పొగలోంచి హీరో, ఆ వెనకే పాట. మెకానిక్ బిల్లు ఎంతయిందో మాత్రం ఎవరూ అడగరు.

ఆ బిల్లు సంగతి అడిగిన సినిమా ఒకటి మొన్న ఇంట్లో మళ్లీ చూశాను. పేరు ‘నోమాడ్‌ల్యాండ్’. 2021లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకురాలు (క్లోయీ జావ్), ఉత్తమ నటి (ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్) అంటూ మూడు ఆస్కార్లు కొట్టుకొచ్చిన చిత్రం. అమెరికాలో నెవాడా రాష్ట్రం. 2011లో అక్కడో జిప్సం ఫ్యాక్టరీ మూతపడి ఊరికి ఊరే ఖాళీ అయిపోతుంది. భర్త పోయిన ఫెర్న్ అనే ఆవిడ ఓ పాత వ్యాన్‌నే ఇల్లు చేసుకుని, పని దొరికిన చోటికల్లా వెళుతుంటుంది. మంచం, వంట, కంచాలు... అన్నీ అందులోనే.

ఒకచోట టైరు పంక్చర్. స్టెప్నీ లేదు! స్వాంకీ అనే పెద్దావిడ సాయం చేస్తుంది గానీ చీవాట్లు కూడా పెడుతుంది. మనిషి జాడ లేని చోట స్టెప్నీ లేకుండా తిరిగితే ప్రాణం మీదికొస్తుందని! అన్నట్టు ఆ స్వాంకీ నటి కాదండోయ్. నిజంగానే వ్యాన్‌లో బతికిన మనిషి, తన పేరుతోనే తెర మీదికొచ్చింది.

తర్వాత బండే మొరాయిస్తుంది. రిపేరుకి 2,300 డాలర్లు! ఇంత తిరిగిన బండికి అంత డబ్బు దండగ, వేరేది చూసుకోమంటాడు షెడ్డువాడు. అతని లెక్క తప్పు కాదు. కానీ అతను చూసింది బండిని. లోపల అరలన్నీ చేతులారా అమర్చుకున్న ఫెర్న్ చూసింది ఇంటిని. చివరికి అప్పు కోసం తోడబుట్టినదాని గడప తొక్కుతుంది.

అక్కడ సినిమా ఆపేశాను. ఓ మొహం గుర్తొచ్చింది.

కొన్నేళ్ల కిందట అరకులో షూటింగ్ చూడ్డానికి ఓ యూనిట్ వాళ్ల కారవాన్ ఎక్కాను. నాతోపాటు కాస్ట్యూమ్స్ కుర్రాళ్లిద్దరు. అనంతగిరి ఘాట్ మీద రేడియేటర్ మరిగి బండి ఆగింది. డ్రైవరు గబగబా దిగి వెనక చక్రానికి రాయి పెట్టాడు. చెట్టుకొమ్మ విరిచి, వచ్చే బండ్లకి గుర్తుగా రోడ్డు మీద పడేశాడు. నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే, “ఆగండి సార్! ఇప్పుడు తీస్తే మొహం కాలిపోద్ది” అని కసిరాడు. చల్లారాక చూస్తే గొట్టం చీలింది. కొత్తది మర్నాటికి గానీ రాదన్నారు.

సాయంత్రం మాకోసం జీపు వచ్చింది. “నువ్వూ రావయ్యా, లాడ్జిలో పడుకుందువు గాని” అన్నాను.

“మీకు బండి ఆగింది సార్. నాకు ఇల్లు ఆగింది” అన్నాడు నవ్వుతూ. నెలకి ఇరవై రోజులు అతని పక్క ఆ డ్రైవరు సీటే! సీటు వెనక బట్టల సంచీ, అద్దం మీద కూతురి ఫొటో. ఏసీ గదీ, మెత్తటి సోఫా స్టార్లవి.

ఆ వారం నేనేం రాశానో తెలుసా? “కొండెక్కని కారవాన్... అలకెక్కిన అందాల తార!” అని నాలుగు లైన్ల చమత్కారం. అందరూ నవ్వారు. ఆ రాత్రి కొండమీద అతనేం తిన్నాడో నేను అడగలేదు.

రెండు నెలల తర్వాత మరో షూటింగ్‌లో అదే బండి కనిపించింది. డ్రైవరు కొత్తవాడు. సంగతి పత్రికకెక్కి పరువు పోయిందని ఓనరు పాతతన్ని మాన్పించేశాడట. నా నాలుగు లైన్లకి ఓ ఇల్లు పోయింది. అతని పేరైనా రాసుకోలేదు నేను.

ఈసారి తెరమీద బండి ఆగితే మీరు పాట కోసం చూడండి, తప్పులేదు. నా కళ్లు మాత్రం స్టీరింగు వెనక ఎవరున్నారా అని వెతుకుతాయి.