4,500 మీటర్ల దగ్గర ఆగిపోయే ధైర్యం

మా పెద్దమ్మ కొడుకు వచ్చే నెల ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్తున్నాడు. "నువ్వు కంప్యూటర్ సైన్స్ కదరా, ఆన్‌లైన్‌లో ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ చూసిపెట్టు" అన్నాడు. ఐదు నిమిషాల పని అనుకున్నా. అన్నిటికన్నా చవకైన పాలసీ ఎంచుకుని, 'ఐ అగ్రీ' మీద టిక్ కొట్టి, పేమెంట్ పేజీ దాకా వెళ్లా. పక్కనే కూరగాయలు తరుగుతున్న అమ్మ అడిగింది: "కొండెక్కితే కూడా డబ్బులిస్తారా? అదెక్కడ రాశారో చూపించు."

ఆ అనుమానం ఊరికే రాలేదు. నాన్న ఆపరేషన్ అప్పుడు మేమెవరం చదవని ఒక్క షరతు వల్ల క్లెయిమ్ పోయింది. మూడేళ్లు అప్పు కట్టాం.

సరేనని పీడీఎఫ్ తెరిచా. ఎక్కడో లోపల ఉంది: 4,500 మీటర్లు దాటితే ఈ పాలసీ వర్తించదు.

ఇప్పుడు అన్నయ్య దారి చూడండి. లుక్లా సుమారు 2,860 మీటర్లు, నామ్చే బజార్ 3,440, డింగ్‌బోచే 4,410. ఇక్కడిదాకా ఓకే. ఆ తర్వాత లోబుచే 4,940, గోరక్‌షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. అంటే గాలి బాగా పలచబడి, ప్రమాదం పెరిగే చోటే పాలసీ చేతులెత్తేస్తుంది. మన భాషలో చెప్పాలంటే, శాంపిల్ టెస్ట్ కేసులన్నీ పాసై, అసలు ఇన్‌పుట్ దగ్గర క్రాష్ అయ్యే ప్రోగ్రామ్ అది.

"నేను రోజూ జిమ్‌కి వెళ్తా, నాకేం కాదు" అన్నాడు అన్నయ్య. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి జిమ్ లెక్కలేదు. అది ముదిరితే మెదడు వాస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పుడు ముఖ్యమైన వైద్యం వెంటనే కిందికి దిగడం. నడవలేకపోతే హెలికాప్టర్ రావాలి. దాని బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. డబ్బు ఎవరిస్తారో తేలాకే అది లేవడం చాలాసార్లు జరిగేదే.

ఇంకో పొరపాటు కూడా చేస్తాం. నేపాల్‌కి వీసా అక్కర్లేదు, ఓటర్ కార్డుతో వెళ్లిపోవచ్చు. అందుకే అది విదేశమనే అనిపించదు. కానీ ఇంట్లో ఉన్న హెల్త్ పాలసీల్లో ఎక్కువ భాగం భారతదేశంలో చేసే వైద్యానికే పనికొస్తాయి. ఐలాండ్ పీక్ లాంటి చోట్ల ఇంకో తిరకాసు. నేపాల్లో దాన్ని 'ట్రెకింగ్ పీక్' అంటారు. కానీ అది 6,000 మీటర్లు దాటుతుంది, తాళ్లు, క్రాంపాన్లు కావాలి. పేరులో ట్రెకింగ్ ఉందని మామూలు ట్రెకింగ్ పాలసీ తీసుకుంటే పప్పులో కాలేసినట్టే.

కంపెనీల వైపు కూడా న్యాయం ఉంది. అవసరం లేకపోయినా హెలికాప్టర్లు పిలిపించి బిల్లులు వేస్తున్నారన్న ఆరోపణలపై 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ చేయించింది. అలాంటివి చూశాక ఎవరైనా షరతులు బిగిస్తారు. బిగించుకోండి. కానీ ఎత్తు పరిమితిని ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ధర మొదటి పేజీలో, పరిమితి ఎక్కడో లోపలా ఎందుకు?

వాళ్లు మారేదాకా మనమే మూడు విషయాలు చూసుకోవాలి: ఎంత ఎత్తు దాకా, హెలికాప్టర్ ఖర్చు ఉందా, పిలిచే ముందు ఎవరికి ఫోన్ చేయాలి. అన్నయ్య చివరికి 6,000 మీటర్ల దాకా వర్తించే పాలసీ తీసుకున్నాడు. ధర చూసి కాసేపు సణిగాడు. అయినా ఆ ఎమర్జెన్సీ నంబరు కాగితం మీద రాసుకుని జాకెట్ జేబులో పెట్టుకున్నాడు.

ఒకటి మాత్రం నాకు గుచ్చుకుంటోంది. పాలసీ మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన నేను చదవకుండా టిక్ కొట్టా. ఇంగ్లిష్ రాని అమ్మ చదవమంది.