పాఠశాలా సంఘములకు ధనస్వాతంత్ర్యము

గ్రామములోని పాఠశాల గ్రామస్థులదే యని సభలలో వినుచుందుము. అయినచో ఆ పాఠశాల సొమ్మును దేనికి వెచ్చింపవలయునో నిర్ణయించువా రెవరు?

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1920వ సంవత్సరపు ప్రాథమిక విద్యా చట్టము స్థానిక సంఘములకు విద్యాపన్ను విధించు నధికారము నొసగెను. పన్నువలన వచ్చినదానికి సమానమైన మొత్తమును ప్రభుత్వము చేర్చునట్లు ఏర్పాటు. ఆ సంఘములలో లోపములు లేకపోలేదు. అయినను పన్ను చెల్లించినవాడు లెక్క యడుగు హక్కు తనకున్నదని తలచుట సహజము.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య సంఘ ముండవలెనని శాసించినది. సభ్యులలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులు. సగము మంది స్త్రీలు. అభివృద్ధి ప్రణాళికను వారే రచింపవలెను. (మనవంటి ఎయిడెడ్ పాఠశాలలలో నీ సంఘము సలహా చెప్పుటకు మాత్రమే యని 2012 నాటి సవరణ తేల్చినది. ఆ సంగతి వేఱు.)

ప్రణాళిక వ్రాయువా రొకరు, సంచి ముడి విప్పువారు వేఱొకరు. 2018లో నేర్పడిన సమగ్ర శిక్షా పథకమున 101 మొదలు 250 వఱకు పిల్లలున్న పాఠశాలకు ఏటికి 50,000 రూపాయల గ్రాంటు నిర్ణయింపబడెను. అందు పదియవవంతైనను పారిశుద్ధ్యమునకే వినియోగింపవలయును. సుద్దముక్కలు, విద్యుత్తు బిల్లు, ఆటవస్తువులు, త్రాగునీరు, చిన్న మరమ్మతులు, అన్నియు మిగిలినదానిలోనే. 2021లో వచ్చిన మార్పుతో ఆ సొమ్ము సంఘము ఖాతాలో నిలువ యుండుటయు మానినది. ఇంతవఱకు వాడవచ్చునను పరిమితి మాత్రమే కానవచ్చును. వాడనిది వెనుకకు పోవునను భయ మొకటి. గ్రాంటు సంవత్సరాంతమున చేతికందినచో, వానకాలమున కారిన కప్పునకు దానివలన ప్రయోజనమేమి? ఏదో యొకటి తొందరపడి కొని రసీదు జతచేయుటయే పని యగును.

నియమములన్నియు చెడ్డవని మేమనము. బాలికలకు వేఱుగా మఱుగుదొడ్డి, నడువలేని బిడ్డకు వాలుబాట, ఇట్టివాటిని ఊరి యిష్టమునకు విడిచినచో ననేకచోట్ల నేటికిని ఉండెడివి కావు. బలవంతుని మాటయే సంఘము మాటగా చెల్లు గ్రామములు మనమెఱుగనివి కావు గదా. వీనిని చట్టము శాసించుట న్యాయమే. ఉపాధ్యాయుల జీతములను సైతము సంఘముల దయపై నుంచరాదు.

మేము కోరున దంతకంటె చిన్నది. బడి తెఱచునాటికే గ్రాంటు రావలెను. మిగిలినది మఱుసటి యేటికి సాగవలెను. ఏ పని ముందు, ఏ పని వెనుక యన్నది సంఘమే తీర్మానింపవలెను. సువార్తలోని యజమానుడు తలాంతులను దాసుల కప్పగించునపుడు వేనిని కొనవలెనో పట్టిక వ్రాసి యియ్యలేదు. తిరిగివచ్చి లెక్క యడిగెను. సంఘము సైతము మూడు మాసముల కొకసారి లెక్కలను అందఱు వినునట్లు చదువవలెను. గోడపై నంటించిన చాలదు. చదువురాని తల్లియు సభ్యురాలే.

ఈ పత్రికను చదువు తలిదండ్రులలో కొందఱి చిన్నబిడ్డలు ప్రభుత్వ పాఠశాలలలో నున్నారు. వారు రాబోవు సమావేశమున చేవ్రాలు చేయుటకు ముందు, పద్దుల పుస్తకమును చదివి వినిపింపుడని యడుగుదురు గాక.