ఆటలోని నీటికి పని చెప్పండి!

దిమ్మలతో లోకాన్ని కట్టుకునే వీడియో ఆటలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. వాటిలో బాగా పేరు పొందినది మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌లో తయారైన ఈ ఆట 2011లో పూర్తి రూపంలో వెలువడింది. అందులో కొండ, నేల, ఇసుక అన్నీ ఘనాకారపు దిమ్మలే. వాటిని తవ్వవచ్చు, మోసుకుపోవచ్చు, కావలసిన చోట పేర్చవచ్చు. నీళ్ళూ ఉన్నాయి, లావా కూడా ఉంది.

ఈ ఆటలో మెచ్చుకోదగిన సంగతి ఒకటుంది. నిలిచి ఉన్న లావాను నీరు తాకితే అది అబ్సీడియన్ అనే నల్లని గాజురాయి అయిపోతుంది. ఇది ఉత్త కల్పన కాదు. కరిగిన రాయి హఠాత్తుగా చల్లారితే స్ఫటికాలు ఏర్పడే వ్యవధి ఉండదు. అందుకే అది గాజులా గడ్డకడుతుంది. ఆ తర్వాత 2017లో నీరు తగిలితే గట్టిపడే కాంక్రీటు పొడి వచ్చింది. 2022 నుంచి మట్టిదిమ్మ మీద సీసాతో నీళ్ళు పోస్తే అది బురద అవుతోంది.

కాని ఇంతటితో సరిపెట్టుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ ఆటలో ఏరు ఎన్నాళ్ళు పారినా గట్టు కోసుకుపోదు. వాన ఎంత కురిసినా కొండ అరగదు. ఉప్పునీటికీ మంచినీటికీ తేడా లేదు. అసలు నీరు ఎంత పని చేస్తుందో తెలుసుకోవాలంటే మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలను చూస్తే చాలు.

మొదట కొండల సంగతి చూద్దాం. మనకు పడమట ఉన్న తూర్పు కనుమలలో ఖోండలైట్ అనే రాయి విస్తారంగా ఉంది. ఈ కొండల్లో నివసించే ఖోండు జాతి వారి పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టారు. అందులో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, సిల్లిమనైట్, ఎర్రని గార్నెట్ ఉంటాయి. వాన చినుకు గాలిలోంచి పడేటప్పుడు కొద్దిగా కార్బన్ డయాక్సైడును కరిగించుకుంటుంది. అంటే వాన నీరు చాలా బలహీనమైన ఆమ్లమన్నమాట. అది రాతి పగుళ్ళలోకి ఇంకి ఫెల్డ్‌స్పార్‌ను బంకమన్నుగా మారుస్తుంది. గార్నెట్‌లోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పడుతుంది. మన మెట్ట భూముల ఎరుపు రంగు ఆ తుప్పుదే. పలుగురాయి మాత్రం లొంగక ఇసుకగా మిగులుతుంది. ఒడిశాలో 13వ శతాబ్దంలో కట్టిన కోణార్క ఆలయంలో ఎక్కువగా వాడింది ఈ రాయినే. అక్కడి శిల్పాలు వానకూ ఉప్పుగాలికీ ఎంతగా అరిగాయో చూస్తే, రాయి మట్టిగా మారే దారిలో మొదటి మెట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఏళ్ళ సంగతి. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, ఒక్కొక్కటి సుమారు 250 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తాయి. కొండల్లో తయారైన మట్టినీ ఇసుకనూ ఏళ్ళూ, గెడ్డలూ మోసుకొస్తాయి. వరద వేగంగా ఉన్నప్పుడు బరువైన ఇసుక కూడా కదులుతుంది. వేగం తగ్గగానే ముందు ఇసుక దిగుతుంది. నీరు దాదాపు నిలిచిపోయాక గాని మెత్తని ఒండ్రు దిగదు. అందుకే ఒకే వరద ఒక రైతు పొలంలో ఇసుక మేట వేస్తుంది, ఇంకొక రైతు పొలంలో సారవంతమైన ఒండ్రు పరుస్తుంది. రెండు పొలాల్లోనూ పారింది ఒకే నీరు, తేడా వేగంలోనే ఉంది. కళింగపట్నం, భావనపాడు తీరాల్లోని ఇసుకలో గార్నెట్, ఇల్మెనైట్ వంటి బరువైన ఖనిజాలున్నాయి. అవీ కొండల నుంచి వచ్చినవే.

మూడవది సముద్రపు నీరు. నౌపడా ఉప్పు పేరు మీరు వినే ఉంటారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీటిని మడుల్లోకి పెట్టి ఎండకు వదిలేస్తే, లవణాలు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా గడ్డకడతాయి. ముందు సున్నపు లవణం, తర్వాత జిప్సం, ఆ తర్వాత మనం తినే ఉప్పు. చివరికి మిగిలే చేదునీటిలో మెగ్నీషియం లవణాలుంటాయి.

ఇక్కడొక తేడా గమనించండి. ఉప్పురాశి మీద వాన పడితే అది మళ్ళీ ఉప్పునీరైపోతుంది. ఇది మీరు పాఠంలో చదువుకున్న భౌతిక మార్పు. ఎర్రమట్టి మాత్రం తిరిగి ఖోండలైట్ కాదు. అది రసాయనిక మార్పు. ఆటలో ఈ రెండింటికీ తేడా లేదు. చాలా దిమ్మలను పెకలించి, మళ్ళీ అక్కడే పెట్టవచ్చు.

"ఇదంతా పెడితే ఆట విసుగు పుట్టదా? రాయి మట్టి కావడానికి వేల ఏళ్ళు పట్టదూ?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ ఆటలో ఒక రోజు 20 నిమిషాలు. అంటే ఒక ఏడాదికి 7300 నిమిషాలు, సుమారు 5 రోజులు. ఆ లెక్కన వెయ్యేళ్ళు గడవాలంటే రాత్రింబవళ్ళు 14 ఏళ్ళు కూర్చుని ఆడాలి! కాబట్టి కాలాన్ని ఇంకా కుదించవలసిందే. రోజును 20 నిమిషాలకు కుదించిన వారికి, వెయ్యేళ్ళను ఒక సాయంత్రానికి కుదించడం కష్టమా?

నేను కోరే సూత్రాలు మూడే. ఏ నీరు తాకింది, ఎంత వేగంతో తాకింది, ఎంతకాలం తాకింది అన్నదాన్ని బట్టి దిమ్మ మారాలి. కొన్ని మార్పులు వెనక్కి తిరగాలి. కొన్ని ఎన్నటికీ తిరగకూడదు. ఈ మూడోదే అన్నిటికంటే ముఖ్యం. గ్రావెల్ కోసం ఎర్రమట్టి దిబ్బల్ని తవ్వి లారీలకెత్తడం, ఏటిలో లోతుగా ఇసుక తోడడం మీరు దారిలో చూసే ఉంటారు. దిమ్మను తీస్తే ఎప్పుడైనా తిరిగి పెట్టవచ్చన్న నమ్మకంతో పెరిగిన వారికి అందులో తప్పేమీ కనిపించదు. నీరు వేల ఏళ్ళు శ్రమించి తయారుచేసిన మట్టిని ఒక్క పూటలో ఖర్చు చేస్తున్నామని తెలిసినవారు కనీసం ఒకసారి ఆగి ఆలోచిస్తారు.

ఈ సూత్రాలు వేరెవరో రాయాలని ఎదురుచూడనక్కరలేదు. లువాంటీ అనే దిమ్మల ఆట ఉంది. 2024 వరకు దాని పేరు మైన్‌టెస్ట్. దాని ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. కంప్యూటరు నేర్చుకుంటున్న మీరే అందులో ఈ మార్పులు చేయవచ్చు.

అయితే ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. మూడు గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో మెట్టభూమి ఎర్రమట్టి, రెండోదానిలో చెరువు మట్టి, మూడోదానిలో ఏటి ఇసుక పిడికెడు చొప్పున వేసి, నీళ్ళు నింపి, మూతపెట్టి బాగా కుదపండి. తర్వాత కదపకుండా ఉంచి, ఏది ఎంతసేపటికి అడుగుకు చేరిందో గడియారం చూసి రాసుకోండి. మీ ఆటకు కావలసిన మొదటి లెక్కలు ఆ కాగితం మీదే ఉంటాయి.